ఛఠ్ చేటలోని పంపర పనస: తోట ఋణానికి ముందు తెలియవలసినవి

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో కార్తిక శుద్ధ షష్ఠి సాయంకాలం సూర్యమందిరం వద్ద ఛఠ్ వ్రతస్థులు అస్తమించే సూర్యునికి అర్ఘ్యం సమర్పిస్తారు. వెదురు చేటలలో చెరకు, అరటి, కొబ్బరికాయలతోపాటు తలకాయంత నిమ్మజాతి పండు కూడా కనిపిస్తుంది. ఇక్కడి వారు దానిని డాభ్ నీంబూ అంటారు. మన పంపర పనస అదే.

"పండుగకు ఇంత ధర పలుకుతున్నది గదా, సార్! తోటకు ఋణం ఇప్పించరాదా?" అని ఒక రైతు అడిగారు. ఆయన బజారులో కొన్న తీయని పండు గింజలతో నారు పోసి సిద్ధంగా ఉంచుకొన్నారు. చిక్కు ధరలో కంటె ఆ నారులోనే ఎక్కువగా ఉన్నది.

నిమ్మజాతిలో గింజ స్వభావం చెట్టుకొక తీరు. నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలు ఉంటాయి. వాటిలో అధిక భాగం తల్లి కణజాలం నుండి పుట్టినవే కావున మొక్క తల్లిని పోలి ఉంటుంది. పంపర పనస గింజలో ఒకే పిండం ఉంటుంది; అది పరపరాగ ఫలితం. తీయని పండు గింజ నుండి చేదు పండ్ల చెట్టు రావచ్చును. ఆ సంగతి కాపు పట్టే వరకు తెలియదు. అప్పటికి వాయిదాలు మొదలై ఉంటాయి! కనుక ఈ జాతికి మంచి తల్లిచెట్టు నుండి తీసిన అంటుమొక్కలే శరణ్యం. అవి గింజ మొక్కల కంటె ముందుగా కాపునకు వస్తాయి కూడా.

ఇక గిరాకీ. ఛఠ్ నాలుగు రోజుల పర్వం. మందమైన తోలు వలన పండు కొన్ని వారాలు నిలువ ఉంటుంది గనుక వ్యాపారులు ముందే సేకరించుకోవచ్చును. అయినను పండుగ ధరను ఏడాది పొడుగునా లెక్కగట్టి తయారుచేసిన ప్రణాళికను నేను సిఫారసు చేయలేను. గట్ల మీద పది చెట్లు మేలు. పూర్తి తోట కావాలంటే నిమ్మ మేలు.

నిమ్మను గూడూరు ప్రాంతపు రైతులను చూసి నేర్చుకోవాలి. అక్కడి రైతు కాయ కంటె వేసవి కాయను కోరుకుంటాడు. సెప్టెంబరు, అక్టోబరు పూత వేసవిలో కోతకు వచ్చి మంచి ధర తెస్తుంది. తిరుపతి పరిశోధనా స్థానం రూపొందించిన బాలాజీ రకం గజ్జి తెగులును కొంత తట్టుకుంటుంది. లేత ఆకులపై పాముపొడ పురుగు చేసిన గాయాల గుండా ఆ తెగులు లోనికి ప్రవేశిస్తుంది కాబట్టి చిగురు వేళ పురుగును అదుపు చేయడం ముఖ్యం. 6 మీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 110 మొక్కలు పడతాయి.

సింహభూమ్ ఎర్రనేలలు ఆమ్ల గుణం గలవి. భూసార పరీక్ష చేయించి సున్నం వేయాలి. వర్షం అధికం కావున, ఇక్కడ టాండ్ అని పిలిచే మెట్ట భూములే తగినవి. నీరు నిలిచే వరి మళ్లలో మొదలు కుళ్లి బంక కారుతుంది.

చెప్పుకోదగిన కాపు నాలుగైదు ఏండ్లకు గాని రాదు. అంతవరకు వాయిదాలకు విరామం ఉండాలని, తరువాతి వాయిదాలు వేసవి అమ్మకాల పిదప పడాలని దరఖాస్తులోనే కోరవలెను. చెట్ల నడుమ పెసర, మినుము వేస్తే ఆ ఏండ్లలో కొంత రాబడి ఉంటుంది.

ఆ రైతు నారును పెరికివేయలేదు. దొడ్డిలో రెండు ఉంచి, మిగిలినవాటిని వేరుమూలాలుగా వాడి అంట్లు కట్టించుకొంటానన్నారు.