అడవి తెలిస్తే చాలదు: వన్యప్రాణి సంరక్షణ వృత్తిపై అపోహలు – వాస్తవాలు

వన్యప్రాణి సంరక్షణలో నాయకత్వం అనగానే చాలామందికి జీపు, బైనాక్యులర్లు, పులి గుర్తొస్తాయి. నిజానికి ఈ వృత్తిలో ప్రధానమైన పని మనుషులను ఒప్పించడం. ఊరి పెద్దల దగ్గరా, దేశాల ప్రతినిధుల దగ్గరా అదే పని. నాగాలాండ్‌లో అముర్ డేగలను కాపాడుకున్న తీరే ఇందుకు సాక్ష్యం.

అపోహ: ఇది జంతుశాస్త్రం చదివినవారికే తగిన వృత్తి.

వాస్తవం: పావురం కన్నా చిన్నదైన అముర్ డేగ సైబీరియా, ఉత్తర చైనా ప్రాంతాల్లో పిల్లల్ని చేసి, చలికాలం గడపడానికి ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళ్తుంది. దారిలో అక్టోబరు, నవంబరు నెలల్లో వోఖా జిల్లాలోని దోయాంగ్ జలాశయం దగ్గర ఈ డేగలు లక్షల్లో వాలుతాయి. 2012లో అక్కడ చేపల వలలు కట్టి లక్షకు పైగా పక్షులను చంపారని అంచనా. ఆ వేటను లోకం దృష్టికి తెచ్చిన బృందంలోని బానో హరాలు పాత్రికేయురాలు. పక్షుల దారిని కనిపెట్టడానికి శాస్త్రజ్ఞులు కావాలి, సందేహం లేదు. కానీ వేట ఆగాలంటే వార్త రాసేవారు, చట్టం తెలిసినవారు, జీవనోపాధి లెక్కలు వేయగలవారు, స్థానిక భాషలో మాట్లాడగలవారు కూడా కావాలి.

అపోహ: చట్టాన్ని గట్టిగా అమలుచేసి స్థానికులను అడ్డుకుంటే జీవులు బతుకుతాయి.

వాస్తవం: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగానే ఆ వేట జరిగింది. దోయాంగ్ ఆనకట్ట నీటిలో పొలాలు మునిగిన కుటుంబాలకు చేపలు, ఆ తర్వాత ఈ పక్షులు, చేతికి డబ్బు తెచ్చే దారి అయ్యాయి. పాంగ్టి, ఆషా, సుంగ్రో గ్రామాల కౌన్సిళ్లు తామే నిషేధం విధించుకున్నాక, 2013లో అక్కడ వేట ఆగింది. పేదల రాబడి ఆపి పక్షులను కాపాడటం న్యాయమా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. ఊరు వదులుకున్న ఆదాయానికి బదులు ఏమి ఇస్తామో చెప్పలేని ప్రణాళిక అన్యాయమే కాదు, ఎక్కువకాలం నిలవదు కూడా. అందుకే ఉపాధి మాట సంరక్షణ ప్రణాళికలో మొదటి పేజీలోనే ఉండాలి.

అపోహ: అంతర్జాతీయ ఒప్పందాలు కాగితాలకే పరిమితం.

వాస్తవం: ఈ విమర్శకు బలమైన ఆధారమే ఉంది. 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు జరుగుతున్న రోజుల్లోనే దోయాంగ్‌లో వలలు వేలాడుతున్నాయి. మరో చేదు ఉదాహరణ సైబీరియా కొంగలది. వాటి రక్షణకు 1993లో దేశాల మధ్య అవగాహన ఒప్పందం కుదిరినా, 2001–02 చలికాలం తర్వాత అవి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు రావడం మానేశాయి. దారి పొడవునా వేట, చిత్తడి నేలల నష్టం ఆగనప్పుడు సంతకాలు పక్షిని కాపాడలేకపోయాయి. అయితే దీన్నిబట్టి ఒప్పందాలు వృథా అనలేం; ఊళ్ల మద్దతు లేని ఒప్పందం చాలదని మాత్రమే అనగలం. 2013 నవంబరులో భారత వన్యప్రాణి సంస్థ, వలస జీవుల ఒప్పంద సచివాలయం, హంగరీ పక్షి నిపుణులు కలిసి మూడు డేగలకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చి నాగ, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టారు. నాగ, పాంగ్టి ఆఫ్రికా దాకా వెళ్లి, మరుసటి ఏడాది దోయాంగ్‌కు తిరిగొచ్చాయి. తమ ఊరి పేరున్న పక్షి సముద్రాలు దాటి మళ్లీ వచ్చిందని తెలియడం ఆ ఊరి నిర్ణయానికి దన్నుగా నిలిచింది. 2016లో వలస వేటపక్షుల అవగాహన ఒప్పందంపై భారత్ కూడా సంతకం చేసింది.

ఒక దేశంలో పుట్టి, మరో దేశంలో ఆగి, ఇంకో ఖండంలో బతికే జీవిని ఏ ఒక్క ప్రభుత్వమూ, ఏ ఒక్క ఊరూ కాపాడలేవు. కాబట్టి ఈ వృత్తిలోకి రాదలచిన యువత జీవశాస్త్రంతోపాటు చట్టం, ఆర్థికశాస్త్రం, భాషలు నేర్చుకోవాలి. గ్రామ కౌన్సిల్లో ఓపికగా వినడం, అంతర్జాతీయ సభలో ఆధారాలతో వాదించడం రెండూ వచ్చినవారే ఇక్కడ నాయకులవుతారు.