సిగరెట్ మానేవారికి నికోటిన్ లెక్క



వార్షికోత్సవం నాడు భోజనాలయ్యాక గేటు అవతలికి వెళ్లి పొగ తాగి వచ్చేవారు మనలో తక్కువేమీ కాదు. ఆటోనగర్ మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, నైట్ డ్యూటీ కండక్టర్లు, బడిపంతుళ్లు అందరూ ఉన్నారు. "మానేద్దామనే ఉంది, మూడో రోజు దాటడం లేదు" అని వారే అంటారు. ఈమధ్య "వేప్ పెన్నుకు మారితే పోదా?" అని అడిగేవారూ పెరిగారు. అందుకే ఈసారి మేము ఈ విషయం మీద రాస్తున్నాం.

మనిషిని కట్టిపడేసేది నికోటిన్. ఊపిరితిత్తులను, గుండెను ఎక్కువగా పాడుచేసేది పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ వగైరా. ఒక సిగరెట్ నుంచి శరీరానికి అందే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మి.గ్రా. పీల్చిన కొద్ది సెకన్లలోనే అది మెదడుకు చేరుతుంది. రెండు గంటలకల్లా రక్తంలో సగానికి తగ్గుతుంది. ఇక చెయ్యి జేబులోకి వెళుతుంది. ఒక్కసారిగా మానేస్తే చిరాకు, నిద్రలేమి, విపరీతమైన ఆకలి మొదలవుతాయి. రెండు మూడు రోజుల్లో అవి తారస్థాయికి చేరి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. మూడో రోజు దాటడం లేదనేవారు బలహీనులు కారు, వారు ఓడిపోతున్నది సరిగ్గా కొండ శిఖరం దగ్గర. పొగ లేకుండా నికోటిన్ మాత్రం కొంతకాలం ఇచ్చి, నెమ్మదిగా తగ్గించడమే దీనికి ఉపాయం.

వేప్ కూడా ఆ ఉపాయమే కదా అంటారు. బ్రిటన్‌లో వైద్యులు పొగ మానడానికి దాన్ని సూచిస్తున్న మాట నిజమే. కానీ అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మి.గ్రా. మించకూడదు, ఎంత ఉందో పెట్టె మీద రాయాలి. మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. ఇక్కడ చాటుగా దొరికే పెన్నులో ఏ బలం ఉందో అమ్మేవాడికీ తెలియదు. మిల్లీలీటరుకు 50 మి.గ్రా. ఉన్నవీ ప్రపంచంలో అమ్ముడవుతున్నాయి. బలం తెలియనిదాన్ని లెక్కగా తగ్గించడం ఎలా?

మందుల షాపులో దొరికే నికోటిన్ గమ్ముకు ఆ ఇబ్బంది లేదు. 2 మి.గ్రా., 4 మి.గ్రా. అని పెట్టె మీదే ఉంటుంది. నికోటిన్ భర్తీ మందులు 2022లో మన దేశ అత్యవసర మందుల జాబితాలో కూడా చేరాయి. ఏ బలం కావాలో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తారా? అవునంటే సాధారణంగా 4, లేదంటే 2. నాలుగుకు డాక్టరు చీటీ తప్పనిసరి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఏ బలమైనా డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

చాలామంది దగ్గర గమ్ము విఫలమయ్యేది నమిలే పద్ధతి వల్ల. బబుల్‌గమ్ములా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం వస్తాయి, కోరిక మాత్రం తీరదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. (ఖైనీ అలవాటున్నవారికి ఈ విద్య ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.) గమ్ముకు పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, టీ, కూల్‌డ్రింకులు వద్దు. వాటితో నికోటిన్ సరిగా ఎక్కదు.

మోతాదు ఎక్కువైందా, తక్కువైందా? ఇక్కడే పొరబడతారు. గమ్ము నమిలిన కాసేపటికి వికారం, కళ్లు తిరగడం, చెమట, గుండె దడ వస్తే ఎక్కువైనట్లు. తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి వాంతులయ్యేది ఇందువల్లే. గమ్ము తీసేయాలి, తర్వాతిది ఆలస్యం చేయాలి. దడ, ఛాతీ నొప్పి తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలా కాక రోజంతా చిరాకు, ఆకలి, మనసు పొగ మీదే ఉంటే తక్కువైనట్లు. భయపడి రోజుకు మూడు నాలుగుతో సరిపెట్టేవారే మళ్లీ బడ్డీకొట్టు దగ్గర కనిపిస్తారు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. పొగలోని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. పొగ ఆగగానే అవే నాలుగు టీలు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. చేతులు వణికి, నిద్ర పట్టకపోతే గమ్మును తిట్టుకుంటారు. ముందు టీలు సగానికి తగ్గించి చూడండి.

మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు. ఏ రోజూ 24 దాటకూడదు. సందేహాలుంటే సిగరెట్ పెట్టె మీదే అచ్చయి ఉండే ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

హాస్టల్ తమ్ముళ్లూ, ఈ గమ్ము అలవాటైన పెద్దవారికి మందు, మీకు చిరుతిండి కాదు. పద్దెనిమిదేళ్లలోపు వారెవరికైనా అప్పటికే పొగ అలవాటుంటే దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి. పెద్దలకూ ఒక మాట: నమిలేసిన గమ్ములో ఇంకా నికోటిన్ మిగిలే ఉంటుంది. కాగితంలో చుట్టి పారేయండి, పసిపిల్లలకు అందే చోట మంచం కోడుకు అంటించి పెట్టకండి.