పాత చర్చలకు తలుపు మూయవచ్చునా?

ఎంత వాదించినను తెమలని ప్రశ్నలు ప్రతి విద్వత్సభకును కొన్ని ఎదురగుచుండును. చెప్పినదే మరల చెప్పుటతో సభ్యుల కాలము వ్యర్థమగును. క్రొత్త విషయములకు చోటు చాలదు. అట్లని చర్చను మూసివేసినచో, రేపు నిజము తెలిసినవాడు వచ్చి తలుపు తట్టిన వినువారెవరు? పారిస్ నగరమున రెండు సంస్థలు ఇట్లు తలుపులు మూసినవి. వాని కథ తెలిసికొనదగినది.

మొదటిది ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు. ఒక వృత్తముతో సమానమైన వైశాల్యముగల చతురస్రమును రూళ్ళకఱ్ఱ, వృత్తలేఖిని మాత్రమే ఉపయోగించి గీయుట ప్రాచీన గ్రీకులనాటి సమస్య. దానిని సాధించితిమని ఎందఱో పరిషత్తునకు వ్రాతలు పంపుచుండిరి. తుదకు 1775లో పరిషత్తు ఇట్టి వ్రాతలను ఇకమీదట పరిశీలింపమని తీర్మానించినది. ఘనమును రెట్టింపు చేయుట, కోణమును మూడు సమభాగములు చేయుట, తనంత తానే నిరంతరము నడచు యంత్రమును నిర్మించుట అనువానికిని ఇదే నియమము వర్తించినది. ఇందు విసుగు మాత్రమే కాదు, జాలియు కలదు. ఈ వ్యామోహమున బడి తమ వ్యవహారములను, కుటుంబములను మరచి చెడినవారు ఉండిరి.

వృత్త సమస్య సాధ్యము కాదని ఆనాటికి ఋజువు లేదు. 1837లో వాంట్సెల్ అను ఫ్రెంచి గణితవేత్త ఘనము, కోణములకు సంబంధించిన సమస్యలను, 1882లో జర్మను గణితవేత్త లిండెమన్ వృత్త సమస్యను అసాధ్యములని నిరూపించిరి. పరిషత్తు వ్రాతలు చూచుట మానినను గణితజ్ఞులు ఆలోచించుట మానలేదు. కావుననే ఆ నిర్ణయమునకు తరువాత బలము చేకూరినది.

రెండవది పారిస్ భాషాశాస్త్ర సంఘము. మానవభాష ఎట్లు పుట్టెనను విషయముపై ఎట్టి వ్యాసమును స్వీకరింపమని ఈ సంఘము 1866లో తన నియమావళియందే వ్రాసికొన్నది. జంతువుల అఱపులను అనుకరించుటచే మాటలు పుట్టినవని ఒకరు, సుఖదుఃఖములలో వెలువడు కేకలే మాటలైనవని వేఱొకరు వాదించుచుండిరి. ఎవరియొద్దను ఆధారము లేదు. ఆనాటికి నిషేధము సమంజసముగనే తోచును.

కాని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున పరిస్థితి మాఱినది. కోతుల సంకేతములు, శిశువులు మాట నేర్చు తీరు, మెదడు నిర్మాణము, ఆదిమానవుల అస్థికలు నూతనాధారములను సమకూర్చినవి. 2001లో, ఒక కుటుంబమున తరతరములుగా వచ్చుచున్న వాగ్లోపమునకు కారణము ఫాక్స్‌పీ2 అను జన్యువునందలి మార్పని తేలినది. భాషోత్పత్తి మరల శాస్త్రచర్చకు వచ్చినది.

ఈ రెండింటికిని భేదమేమి? మొదటిదానియందు అసాధ్యత్వము ఋజువైనది. రెండవదానియందు ఆధారము లభింపలేదు, అంతియే. నేడు లేని ఆధారము రేపు లభింపవచ్చును. కనుక పాత చర్చను మూయువారు ఎందుకు మూసినదియు, ఏమి తెచ్చినచో మరల తెఱతురో స్పష్టముగ వ్రాసియుంచవలెను. జరిగిన వాదములను క్రొత్తవారు చదువుకొనుటకు భద్రపఱుపవలెను. అప్పుడు పెద్దల కాలమును వ్యర్థము కాదు, రేపటివాని మాటయు వృథా కాదు.