‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ - ‘ది ఇన్నొసెంట్స్’: భయానక కథలో సందేహ నిర్వాహము

హెన్రీ జేమ్స్ రచించిన ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ 1898లో ‘కోలియర్స్ వీక్లీ’ అను అమెరికా వారపత్రికలో ధారావాహికముగా వెలువడినది. ఆ కథ నాధారముగా గొని జాక్ క్లేటన్ దర్శకత్వము వహించిన ‘ది ఇన్నొసెంట్స్’ అను ఇంగ్లీషు చలనచిత్రము 1961 నాటిది. ఈ రెంటి నడుమ 1950 నాటి విలియం ఆర్చిబాల్డ్ నాటకమొకటి కలదు. చిత్రమునకు పేరు దానినుండియే వచ్చినది. ఏ సన్నివేశము చేరినది, ఏది తొలగినది అని పట్టిక వేయుట ఇట్టి పోలికలలో వాడుక. మేమా పని చేయబోము. కథకు ప్రాణమైన సందేహము అక్షరమునుండి తెరకు ఎట్లు చేరినదను ఒక్క విషయమునే పరిశీలింతుము.

కథ క్లుప్తముగా ఇది. లండనులోని ఒక ధనికుడు తలిదండ్రులు లేని తన తమ్ముని బిడ్డలను, మైల్స్, ఫ్లోరా అను వారిని, బ్లై అను పల్లెపట్టు భవనమున నుంచి, వారికి చదువు చెప్పుటకు ఇరువదేండ్ల యువతి నొకతెను నియమించును. ఏ సంగతియు తనకు వ్రాయరాదని నిబంధన. అచ్చట ఆమెకు మరణించిన సేవకుడు పీటర్ క్వింట్, మరణించిన పూర్వోపాధ్యాయిని మిస్ జెస్సెల్ కనబడుదురు. వారు పిల్లలను వశపరచుకొనుచున్నారని ఆమె విశ్వసించును. తుదకు మైల్స్ ఆమె చేతులలోనే ప్రాణము విడుచును. ఆ ప్రేతములు నిజముగా నున్నవా? ఆమె మనస్సు కల్పించినవా? 1934లో ఎడ్మండ్ విల్సన్ రెండవ పక్షమును బలముగా ప్రతిపాదించెను. ఆ వాదము నేటికిని ముగియలేదు.

గ్రంథమున ఈ సందేహమునకు ఆశ్రయము ‘నేను’ అను మాట. కథయంతయు ఆమె వ్రాతప్రతియే. చూచినది ఆమె, చెప్పినది ఆమె, అన్యసాక్ష్యము లేదు. చిత్రయంత్రమునకు ‘నేను’ అనుట తెలియదు. తెరపై క్వింటు నిలిచినచో ఆతనిని ప్రేక్షకుడును చూచినట్లే. అందుచే క్లేటన్ పలుమారు ముందుగా డెబొరా కెర్ ముఖమును, అందలి భయమును చూపి, పిమ్మట ఆమె చూచిన వస్తువును చూపును. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ వెడల్పు తెర అంచులను రంగు పూసిన అద్దములతో చీకటి చేసెను. చూపు చేరని చోటు తెరలోనే ఏర్పడినది.

ఇంతకంటె ముఖ్యమైనవి రెండు మార్పులు. గ్రంథమున ఆమె కిటికీవద్ద చూచిన పురుషుని వర్ణింపగా గృహనిర్వాహకురాలు గ్రోస్ అది క్వింటే యని గుర్తించును. ఆతడొకడుండెనని ఉపాధ్యాయిని అంతకుమున్ను ఎరుగదు. భ్రాంతివాదులకు కొఱుకుడు పడని ఘట్టమిది. చిత్రమున నిట్లు గాదు. గోపురముపై తొలుత కనబడిన ఆకృతి ఎండ మిరుమిట్లలో అస్పష్టము; తరువాత అటకపై ఆమెకు ఒక పురుషుని చిన్న చిత్తరువు దొరకును; ఆ పిదపనే కిటికీ అద్దము వెనుక ఆ ముఖము. భ్రాంతివాదులకు కావలసిన ఆధారమును క్లేటన్ చేతికందించినాడు.

కాని అంతతో నూరకుండలేదు. చదువుకొను గదిలో బల్లవద్ద జెస్సెల్ కూర్చుండి యుండుట రెంటను కలదు. గ్రంథమున ఉపాధ్యాయిని కేక వేయగా ఆ రూపము మాయమగును. గదిలో ఎండ తప్ప మరేమియు మిగులదు. చిత్రమున బల్లపై ఒక కన్నీటి బొట్టు మిగులును. ఆమె దానిని వ్రేలితో తాకును. అదియు ఆమె భ్రాంతియే యనవచ్చును గాని, తడిసిన వ్రేలిని కాదనుట కష్టము.

సాహిత్యదర్పణకారుడు సందేహాలంకారమును శుద్ధము, నిశ్చయగర్భము, నిశ్చయాంతము అని మూడు విధములుగా జెప్పెను. అది ఉపమేయమునకు సంబంధించిన అలంకారమే గాని కథానిర్మాణమునకు సంబంధించినది కాదను ఆక్షేపణ న్యాయమే. అయినను ఈ విభాగము ఇచ్చట మాకు మిక్కిలి ఉపకరించినది. జేమ్స్ గ్రంథము శుద్ధసందేహము. 1908 నాటి పీఠికలో ఆయన చెడుగును తాను పేర్కొనక పాఠకుని ఊహకే విడిచితినను భావము వెల్లడించెను. చిత్రము నిశ్చయగర్భము. చిత్తరువు ఒక నిశ్చయము, కన్నీటి బొట్టు మరొక నిశ్చయము. ఒండొంటిని కొట్టివేయుటచే సందేహము మరల నిలుచును.

తెనుగుసేత తలపెట్టు పరిశోధకులకు ఇచ్చట ఒక్క మాట. రెండవ ప్రకరణమున, పూర్వోపాధ్యాయిని యౌవనసౌందర్యముల ప్రస్తావనలో, గ్రోస్ ఎవరినో ఉద్దేశించి ‘హీ’ యని, వెంటనే తడబడి, యజమానిని గూర్చియే యంటినని సవరించుకొనును. క్వింటు నీడ కథలో మొదట పడినది ఈ సర్వనామములోనే. తెలుగున గ్రోస్ వంటి పరిచారిక యజమానిని ‘ఆయన’ యనును, క్వింటును ‘వాడు’ అనును. ఏది వ్రాసినను గుట్టు బయటపడును. ‘అతడు’ అని తప్పించుకొందమన్న, ఆమె నోట ఆ మాట నప్పదు. కెమెరాకు ‘నేను’ ఎట్టి చిక్కో, మనకు ‘హీ’ అట్టిది. క్లేటన్ వలె మరొకచోట ఏదైన చేర్చి ఆ లోటు పూడ్చుట అనువాదకునకు చెల్లునా? చెల్లదనియే మా అభిప్రాయము. ప్రథమ పురుషను వదలి వాక్యమును అసమాప్తముగా త్రుంచుట మేలు.

చిత్రమున మాకు రుచింపనిది ఒకటి కలదు. తుది ఘట్టమున శిలావిగ్రహముల నడుమ మైల్స్ కూలునపుడు దృశ్యము పైనుండి, క్వింటు చేయి కనబడు దిక్కునుండి, చూపబడినది. ఉపాధ్యాయిని క్రింద నున్నది. ఆ చూపు ఆమెది కాజాలదు. మరి ఎవరిది? క్లేటన్ అంతవరకు కాపాడిన కట్టుబాటు ఆ క్షణమున తెగినది. గ్రంథమున ఆమె చేతులలో బాలుని గుండె ఆగిన తరువాత ఒక్క మాటయు లేదు.