ఈఈజీ చూసి స్కిజోఫ్రెనియాని ఏఐ కనిపెట్టేస్తుందా? 98 శాతం యాక్యురసీ వెనుక అసలు సంగతి

షుగర్ ఉందో లేదో బ్లడ్ టెస్ట్ చెప్పేస్తుంది. స్కిజోఫ్రెనియాకి మాత్రం అలాంటి టెస్ట్ ఇప్పటికీ లేదు. ఎవరికీ వినపడని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు బలపడటం లాంటి లక్షణాలను బట్టి సైకియాట్రిస్టే నిర్ధారించాలి. మరి మెదడులోని కరెంటు సిగ్నల్స్ చూసి కనిపెట్టలేమా?

ఈఈజీలో ఏం కనిపిస్తుంది?

తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, మైక్రోవోల్టుల్లో ఉండే మెదడు సిగ్నల్స్‌ని రికార్డు చేయడమే ఈఈజీ. జర్మన్ డాక్టర్ హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి మీద దీన్ని చేశారు.

ఒకే బీప్ వరుసగా వినిపిస్తూ మధ్యలో వేరే సౌండ్ వచ్చిందనుకోండి. దాదాపు 150–250 మిల్లీసెకన్లలో మన మెదడు ఆ తేడా పసిగడుతుంది. ఈఈజీలో ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. దాని పేరు మిస్‌మ్యాచ్ నెగటివిటీ. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో ఇది సగటున తక్కువగా ఉంటుంది. ఆ 'సగటున' అన్న మాటే ముఖ్యం. దాన్ని బట్టి ఒక మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చలేం.

ఏఐ వస్తే?

2019లో వచ్చిన ఒక రీసెర్చ్ పేపర్‌లో 14 మంది పేషెంట్లు, జబ్బు లేని 14 మంది ఈఈజీలను 11 లేయర్ల సీఎన్ఎన్ మోడల్‌కి ఇచ్చారు. యాక్యురసీ 98.07 శాతం! కానీ ఇక్కడ రికార్డింగులను ముక్కలు చేసి కలిపేయడంతో, ఒకే మనిషి డేటా ట్రైనింగ్‌లోనూ టెస్టులోనూ ఉంది. అంటే క్వశ్చన్ పేపర్ ముందే లీకైనట్టు. మోడల్ జబ్బుకి బదులు మనిషినే గుర్తుపట్టి ఉండొచ్చు. ట్రైనింగ్‌లో లేని మనుషుల మీద టెస్ట్ చేస్తే వచ్చింది 81.26 శాతం. రెండు నంబర్లూ ఆ పేపర్‌లోనే ఉన్నాయి. హెడ్‌లైన్‌కి ఎక్కేది మాత్రం మొదటిదే.

81 శాతం కూడా బాగానే ఉంది కదా అంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. అంటే 300 మందిని స్క్రీన్ చేస్తే, జబ్బు లేని పదుల మందికి 'ఉంది' అని రావొచ్చు. ఆ ముద్రతో ఉద్యోగం, పెళ్లి సంబంధం ఏమవుతాయో మనకి తెలియంది కాదు.

అందుకే ఇలాంటి హెడ్‌సెట్ గానీ యాప్ గానీ కనిపిస్తే ఒక్కటే అడగండి: మోడల్ ఎప్పుడూ చూడని మనుషుల మీద టెస్ట్ చేశారా? ఇంట్లో ఎవరికైనా లక్షణాలు కనిపిస్తే గ్యాడ్జెట్ కోసం ఆగొద్దు, డాక్టర్ని కలవండి. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితం.