మరబోటుకు పెళ్లిచూపులు

ఏప్రిల్‌ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్‌ హార్బర్‌లో మరబోట్లు లంగరేస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్‌ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. వేట లేదు కదాని హార్బర్‌ నిద్రపోదు. ఎక్కడ చూసినా ఒడ్డుకెక్కిన పడవలు, సుత్తుల చప్పుడు, రంగు డబ్బాల వాసన! పాత బోటు కొనాలనుకునేవాళ్లకు ఇదే అదను. మిగతా పది నెలలూ నీళ్లలో దాక్కునే అడుగుభాగం ఇప్పుడే కళ్లబడుతుంది మరి.

కొత్త రంగు, ముక్కుకు పసుపు కుంకుమ... చూడటానికి పెళ్లికూతురే. అనుభవమున్న వడ్రంగి మేస్త్రి మాత్రం అటు చూడడు. వెనక్కెళ్లి, ఒక కన్ను మూసి అడుగుదూలం వెంబడి చూస్తాడు. తిన్నగా ఉందా? నడుము పైకి లేచి రెండు కొసలూ కిందికి వాలాయా? వాలితే పడవ వెన్ను వంగినట్టే. చిన్న తెప్పకు ఇంజిన్‌ వెనక వేలాడుతుంది, పాడైతే ఊడదీయొచ్చు. మరబోటుకు అది కడుపులో ఉంటుంది. అక్కణ్నుంచి ఫ్యాను దాకా పొడవాటి షాఫ్టు. వెన్ను వంగితే షాఫ్టు వరస తప్పుతుంది. ఎన్నిసార్లు సరిచేసినా బోటు అదురుతుంది, బేరింగులు అరుగుతూనే ఉంటాయి.

ఐసుతోనే అసలు తంటా

ఉప్పునీళ్లు చెక్కను కుళ్లబెడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉప్పు చెక్కకు కొంత రక్షణే. కుళ్లబెట్టేది మంచినీళ్లు! చేపల గదిలో కరిగే ఐసు, డెక్కు సందుల్లోంచి దిగే వాన... కాబట్టి వెతకాల్సింది అక్కడ. సుత్తితో కొడితే మంచి చెక్క ఖంగుమంటుంది. కుళ్లింది మూగగా పలుకుతుంది.

ఫైబర్‌ తొడుగు వేసిన చెక్క బోటైతే మరింత జాగ్రత్త. చెక్కను తొలిచే సముద్రపు పురుగును తొడుగు ఆపుతుంది, నిజమే. అది ఎక్కడో చిట్లి తేమ చేరిందంటే మాత్రం ఆ తేమకు బయటికి దారుండదు. పైకి నునుపు, లోపల పిప్పి!

పుట్టుకతో వచ్చిన జబ్బులు

కుళ్లిన పలకను మార్చొచ్చు. తప్పుగా పుట్టిన పడవను మార్చలేం. బేరంలో అందరూ తుప్పు మేకులు లెక్కపెడతారు గానీ, అసలు చూడాల్సింది ఇదే. పెద్ద ఇంజిన్‌ వేస్తే వేగం పెరుగుతుందని కొందరి ఆశ. పెరుగుతుంది, కొంతవరకే. ఆపైన బోటు వెనక భాగం కుంగి, అలలు లేపడానికే డీజిలంతా తగలబడుతుంది. క్యాబిన్‌ మీద ఇంకో గది కట్టడం మరో సరదా. బరువు పైకి చేరేకొద్దీ పడవకు నిలకడ తగ్గుతుంది. జెట్టీ దగ్గర నలుగురు ఒకేసారి ఒక అంచుకు చేరి చూడాలి. ఒరిగి చటుక్కున లేచిందా, సరే. కాసేపు ఆలోచించి లేచే బోటుతో తుపాను గాలిలో చిక్కుకుంటే కళాసీల ప్రాణాలకే ముప్పు. ఇంజిన్‌ గది మూతనూ కొలవాలి. ఇంజిన్‌ కంటే చిన్నదైతే రేపు మరమ్మతుకు డెక్కు కోయాల్సిందే!

ఇక ఇంజిన్‌. మీట నొక్కేముందు దానిమీద చేయి వేసి చూడాలి. వెచ్చగా ఉంటే, పొద్దున్నే ఒకసారి తిప్పి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిన్‌ ఎంత మొరాయిస్తుందో తెలియకుండా ఉండటానికి! నీలిపొగ వస్తే ఆయిల్‌ కాలుతున్నట్టు. నల్లపొగ వస్తే ఇంధనం సరిగా కాలడం లేదు, లేదా ఫ్యాను ఆ ఇంజిన్‌కు మించిన బరువు. షాఫ్టు బయటికెళ్లే చోట ఇంజిన్‌ నడుస్తుండగా నీటిచుక్కలు అడపాదడపా రాలితే మంచిదే. ధార కడితే ప్రమాదం. పొడిగా ఉంటే అదీ ప్రమాదమే, లోపలి ప్యాకింగ్‌ మాడిపోతుంది.

ధర కట్టేటప్పుడు పడవ చెక్కకు, ఇంజిన్‌కు, వించ్‌కు, వలలకు విడివిడిగా లెక్క వేసుకోవాలి. మరమ్మతు ఖర్చు అందులోంచి తీసేయాలి. ఆ పని నిషేధం దాటిపోతే, పోయిన వేట రోజులూ ఖర్చులోవే. కాగితాలదీ ఒక ధరే. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బర్‌లో మంటలు రేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. బోటు విలువలో 80 శాతం పరిహారమిస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. విలువెంత అంటే, బూడిదను సుత్తితో కొట్టి చెప్పలేరు కదా! కొనేవాళ్లు రిజిస్ట్రేషన్‌, లైసెన్సు, ఇంజిన్‌ బిల్లు, బ్యాంకు బాకీ తీరిన పత్రం చేతికొచ్చాకే బయానా ఇవ్వడం మేలు. ఇంజిన్‌ మీది నంబరు బిల్లులోదేనా అన్నది కూడా టార్చి వేసి చూసుకోవాలి.