వైద్యుడికీ విశ్రాంతి కావాలి.. రోగికీ దిక్కుండాలి
- ప్రైవేటు ప్రాక్టీసులో పనివేళలకు కొలమానం ఏది?
- రాత్రి వేళ అత్యవసరమైతే బాధ్యత ఎవరిది?

కల్వకుర్తి: పల్లె నుంచి తొలి బస్సులో పట్టణానికి చేరిన రోగి ముందుగా వెతికేది క్లినిక్ ఎదుట చీటీ రాసే కాంపౌండర్‌నే. వెల్దండ, వంగూరు, చారకొండ, ఊర్కొండ మండలాల ప్రజలకు వైద్యం కోసం దగ్గరి పట్టణం కల్వకుర్తి. ఇది దాటితే సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదే దిక్కని భావించేవారు ఎందరో. అందువల్ల ఇలాంటి పట్టణాల్లో వైద్యుడు ఎన్ని గంటలు పని చేస్తాడు, ఎంతమందిని చూస్తాడు అన్నది ఆయన సొంత విషయంగా మిగలడం లేదు. ఆ నిర్ణయంపై ఎన్నో పల్లెల ఆరోగ్యం ఆధారపడి ఉంది.

లెక్క ఇలా..

రోజుకు 100 మంది రోగులు వచ్చే క్లినిక్‌లో ఒక్కొక్కరికి 5 నిమిషాలు కేటాయిస్తే 8 గంటల 20 నిమిషాలు పడుతుంది. 2 నిమిషాలకు కుదిస్తే 3 గంటల 20 నిమిషాల్లో ఓపీ ముగుస్తుంది. 10 నిమిషాలు ఇవ్వదలిస్తే 16 గంటలు దాటుతుంది. కాబట్టి వైద్యుడి ముందున్న మార్గాలు మూడే. చీటీల సంఖ్యకు పరిమితి విధించడం, రోగికి ఇచ్చే సమయం తగ్గించడం, లేదా తన నిద్రను తగ్గించుకోవడం. మొదటి మార్గంలో దూరం నుంచి వచ్చిన రోగి వెనుదిరగాలి. రెండో మార్గంలో రోగి బాధ పూర్తిగా వినే తీరిక ఉండదు. మూడోది వైద్యుడినే రోగిని చేస్తుంది.

ఈ సమస్య కల్వకుర్తికే పరిమితం కాదు. 67 దేశాల సమాచారంతో 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం రోగికి వైద్యుడు ఇచ్చే సగటు సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు కాగా, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు మాత్రమే. ఇక వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించాయి. వైద్యులకూ ఇందులో మినహాయింపు లేదు.

గంటలు తగ్గించడం సులభమేనా?

సొంత క్లినిక్ నడిపే వైద్యుడికి యజమాని ఉండడు, సెలవు మంజూరు చేసే అధికారీ ఉండడు. అయినా గంటలు తగ్గించుకోవడం అనుకున్నంత తేలిక కాదు. భవనం అద్దె, నర్సుల, కాంపౌండర్ల జీతాలు, పరికరాల కోసం తెచ్చిన అప్పుల వాయిదాలు నెల తిరిగేసరికి చెల్లించక తప్పదు. ఒక్కరోజు తలుపు మూస్తే ఆ రోజు ఆదాయం ఉండదు. కాన్పులు చేసే నర్సింగ్‌హోంల పరిస్థితి మరీ కష్టం. కాన్పుకు వేళాపాళా ఉండదు. పగలంతా ఓపీ చూసిన వైద్యురాలే అర్ధరాత్రి కూడా లేవాల్సి వస్తుంది. ఇద్దరు ముగ్గురు వైద్యులు కలిసి రాత్రి విధులను వంతులవారీగా పంచుకుంటే భారం తగ్గుతుంది. అయితే రోగి తమ వద్దకు తిరిగి రాడేమోనన్న సందేహం ఇందుకు అడ్డంకిగా నిలుస్తోంది.

ప్రభుత్వ వైద్యుల సాయంకాలపు ప్రాక్టీసు మరో కోణం. పగలు ప్రభుత్వాసుపత్రిలో, సాయంత్రం సొంత క్లినిక్‌లో పని చేయడం చిన్న పట్టణాల్లో చిరకాలంగా ఉన్నదే. కొత్తగా నియమితులయ్యే ప్రభుత్వ వైద్యులు ప్రైవేటు ప్రాక్టీసు చేయరాదంటూ తెలంగాణ ప్రభుత్వం 2022 జూన్‌లో సర్వీసు నిబంధనలను సవరించింది. అదే ఏడాది నవంబరులో నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

నిబంధనలు ఏమంటున్నాయి?

భారత వైద్య మండలి 2002లో రూపొందించిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఎవరికి చికిత్స చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ వైద్యుడికి ఉంది. అయితే అత్యవసర స్థితిలో స్పందించాలి. ఒకసారి చికిత్సకు స్వీకరించిన రోగిని నిర్లక్ష్యం చేయరాదు. తగినంత ముందుగా తెలియజేయకుండా మధ్యలో తప్పుకోరాదు. ఫీజు వివరాలను బోర్డుపై ప్రదర్శించాలి. దీని స్థానంలో 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు.

రోడ్డు ప్రమాద బాధితుడిని పోలీసు కేసు పేరుతో ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి పంపగా దారిలోనే మరణించిన ఉదంతంపై సుప్రీంకోర్టు 1989లో కీలక తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా ప్రాణం కాపాడటమే తొలి కర్తవ్యమని స్పష్టం చేసింది. శ్రీశైలం రహదారి, జడ్చర్ల - కోదాడ రహదారి సాగే ఈ ప్రాంతానికి ఆ తీర్పు ఎంతో ముఖ్యమైనది.

రాత్రి పడితే..

క్లినిక్ తలుపులు మూసిన తర్వాత పల్లె రోగికి మొదట గుర్తొచ్చేది ఊళ్లోని ఆర్ఎంపీయే. పిలిస్తే పలుకుతాడన్నదే ఆ నమ్మకం. కానీ అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. దాడులు, కేసులతోనే ఈ అవసరం తీరదు. రాత్రి వేళ అర్హుడైన వైద్యుడు అందుబాటులో ఉన్నప్పుడే పల్లె రోగి ఆర్ఎంపీని వదులుకుంటాడు. పట్టణంలోని వైద్యులంతా కలిసి రాత్రి విధుల వంతులు నిర్ణయించుకుని, ఆ వివరాలను ప్రతి క్లినిక్ ఎదుట రాసి ఉంచితే ఇటు రోగులకు భరోసా, అటు వైద్యులకు కంటి నిండా నిద్ర లభిస్తాయి.

రోగులు గమనించాల్సినవి

- పాము కాటు, పురుగుల మందు తాగడం, గుండెనొప్పి, ప్రమాదాల వంటి వేళ క్లినిక్ తెరిచే వరకు ఎదురుచూడరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.
- నెలలు నిండిన గర్భిణులు రాత్రి కాన్పు వస్తే ఎక్కడికి వెళ్లాలో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.
- బీపీ, మధుమేహం మందుల కోసం వచ్చేవారు రద్దీ లేని రోజు చూసుకుంటే వైద్యుడితో నింపాదిగా మాట్లాడవచ్చు.
- పాత చీటీలు, పరీక్షల రిపోర్టులు వెంట తెచ్చుకుంటే వైద్యుడికి సమయం కలిసివస్తుంది. ఆ మిగిలిన నిమిషం రోగి మాట వినడానికి ఉపయోగపడుతుంది.